దొడ్డి తలుపు దగ్గర కాపలా

పాతకాలపు పెంకుటిల్లు. వీధి గుమ్మానికి కొత్తగా ఇనుప గ్రిల్ పెట్టించారు. దానికో పెద్ద తాళం. ఇక దొంగల భయం లేదని ఇంటాయన గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నాడు. మరి దొడ్డి తలుపు సంగతో? దానికున్నది చెక్క గడియ. అదీ పగలంతా తీసే ఉంటుంది. ‘‘అక్కడ గోడ కట్టించేద్దాం నాన్నా, ఓ పనైపోతుంది’’ అన్నాడు కొడుకు. సాయంత్రానికల్లా మేస్త్రీ వచ్చి కట్టేసి వెళ్లాడు.

మర్నాడు పొద్దున్న ఇంట్లో కాఫీ లేదు. పాలు పోసే మనిషి రోజూ దొడ్డివైపు నుంచే వస్తాడు. ఇస్త్రీ బట్టలు తెచ్చే కుర్రాడూ అంతే. గ్యాస్ బండ వచ్చేదీ అటునుంచే. ఏడాదికోసారి ఊరి నుంచి బియ్యం బస్తాలు దిగేదీ అక్కడే. వారం తిరక్కుండా ఆ గోడకి మనిషి పట్టేంత కంత పడింది. పెట్టించింది దొంగలు కాదు, ఇంటావిడే!

కంప్యూటర్ల లోకంలోనూ సరిగ్గా ఇదే జరిగింది. అక్కడ దొడ్డి తలుపు పేరు టెల్‌నెట్. దాని పక్కనే ఆర్‌లాగిన్, ఆర్‌ఎస్‌హెచ్ అని మరో రెండు చిన్న గుమ్మాలు. వాటి స్థానంలో ఎస్‌ఎస్‌హెచ్ అనే గట్టి తలుపు 1995లోనే వచ్చింది. అయినా పాతవాటిని మూయడానికి చాలా సంస్థలకు పదేళ్లు పట్టింది. కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే. కొత్త తాళం దొరక్క కాదు... పాత దారిలో ఎవరెవరు తిరుగుతున్నారో తెలియక!

పోస్టుకార్డు మీద పాస్‌వర్డ్

బ్యాంకులు, టెలిఫోన్ కంపెనీలు, విశ్వవిద్యాలయాల పనులు నడిపే పెద్ద కంప్యూటర్లలో చాలావాటి మీద ఉండేది యునిక్స్, లేదా దాని బాటలోనే వచ్చిన లినక్స్. ఈ సర్వర్లు ఏసీ గదిలో, తాళం వెనకాల, చాలాసార్లు తెర కూడా లేకుండా పడి ఉంటాయి. వాటిని చూసుకునే మనిషి మరెక్కడో కూర్చుని, నెట్‌వర్క్ గుండా వాటిలోకి వెళ్లి పని చక్కబెడతాడు. దాన్నే రిమోట్ లాగిన్ అంటారు. అమీర్‌పేటలో యునిక్స్ నేర్చుకున్న కుర్రాళ్లు హైదరాబాద్‌లో నైట్ షిఫ్టు చేస్తూ అమెరికాలోని సర్వర్ల బాగోగులు చూసింది ఈ దారిలోనే.

టెల్‌నెట్ ఆలోచన 1969 నాటిది. దాని నిబంధనలు ఇప్పటి రూపానికి వచ్చింది 1983లో. అప్పట్లో నెట్‌వర్క్ అంటే ఒకరికొకరు తెలిసిన పరిశోధకుల ఊరు. అందుకే అందులో రహస్యమనేదే లేదు. మీరు కొట్టిన ప్రతి అక్షరం ఉన్నది ఉన్నట్టుగా తీగ మీద వెళ్తుంది. యూజర్ పేరు, ఆ వెనకే పాస్‌వర్డ్! టైపు చేస్తున్నప్పుడు తెర మీద పాస్‌వర్డ్ కనిపించదు కాబట్టి భద్రంగా ఉందనుకుంటాం. అది పక్కన కూర్చున్నవాడికి కనపడకుండా చేసిన ఏర్పాటు మాత్రమే. దారిలో ఉన్నవాడికి అది పోస్టుకార్డు. తీసి చదువుకోవచ్చు.

ఆర్‌లాగిన్, ఆర్‌ఎస్‌హెచ్‌లది ఇంకో రకం అమాయకత్వం. 1980లలో కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయపు యునిక్స్‌తో ఇవి ఊరూరా పాకాయి. ‘ఫలానా కంప్యూటర్ నుంచి వచ్చేవాళ్లను పాస్‌వర్డ్ అడక్కుండా రానివ్వు’ అని డాట్ ఆర్‌హోస్ట్స్ అనే చిన్న ఫైలులో రాసిపెడితే చాలు. ‘పక్కింటి వాళ్ల తాలూకు’ అనగానే తలుపు తీసేయడం లాంటిదన్నమాట. 1988 నవంబరు 2న రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన ‘పురుగు’ ఒక యంత్రం నుంచి ఇంకోదానికి ఎగబాకడానికి వాడుకున్న దారుల్లో ఈ చుట్టరికమూ ఒకటి. అప్పటి అంచనా ప్రకారం 6,000 దాకా కంప్యూటర్లు మూలనపడ్డాయి.

ఇక 1994 ఫిబ్రవరిలో అమెరికాలోని సెర్ట్ అనే భద్రతా కేంద్రం గట్టిగానే గంట కొట్టింది. దొంగలు నెట్‌వర్క్‌ల మీద ‘స్నిఫర్’లు పెట్టి, దారిన పోయే పాస్‌వర్డ్‌లను మూటగట్టుకుంటున్నారని, అప్పటికే పదుల వేల కంప్యూటర్ల తాళం చెవులు వాళ్ల చేతికి చిక్కాయని చెప్పింది. స్నిఫర్ అంటే వాసన పట్టేది. ఆ రోజుల్లో ఒక భవనంలోని కంప్యూటర్లన్నీ తరచూ ఒకే తీగ మీద ఉండేవి. ఒకటి మాట్లాడితే అన్నిటికీ వినపడేది. చెవొగ్గి వినే ప్రోగ్రామొకటి పెడితే పనైపోయేది.

హెల్సింకీలో మూడు నెలలు

మరుసటి ఏడాది ఆ బెడద ఫిన్లండ్‌కూ వచ్చింది. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్ మీద ఎవరో స్నిఫర్ పెట్టారు. దొరికేసరికి అందులో వేల కొద్దీ పేర్లు, పాస్‌వర్డ్‌లు ఉన్నాయి. అక్కడే పరిశోధకుడిగా ఉన్న టాటు ఇలోనెన్‌కు ఒళ్లు మండింది. తిట్టుకుంటూ కూర్చోలేదు. సుమారు మూడు నెలల్లో ఒక ప్రోగ్రాము రాసి, 1995 జులైలో అందరికీ ఉచితంగా వదిలాడు. అదే సెక్యూర్ షెల్... పొట్టిగా ఎస్‌ఎస్‌హెచ్. ఇందులో ముందుగా అవతలి సర్వర్ తానెవరో రుజువు చేసుకోవాలి. ఆ తర్వాత నడిచే మాటంతా గూఢలిపిలోనే. పోస్టుకార్డు పోయి లక్క ముద్ర వేసిన కవరు వచ్చింది.

దాని పోర్టు నంబరు వెనక ముచ్చటైన కథ ఒకటుంది. సర్వర్‌లో ప్రతి సేవకూ ఓ గుమ్మం నంబరు ఉంటుంది. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీది 21, టెల్‌నెట్‌ది 23. మధ్యలో 22 ఖాళీ! రెండింటి పనీ చేసే కొత్త తలుపుకి ఆ చోటే బాగుంటుందని ఇలోనెన్ నంబర్లు ఇచ్చే సంస్థకు ఒక ఈమెయిల్ రాశాడు. మర్నాటికల్లా ఇచ్చేశామని జవాబు వచ్చింది. ఇప్పుడైతే ఎన్ని కమిటీలు కూర్చునేవో!

ఆ ఏడాది చివరికల్లా యాభై దేశాల్లో దాదాపు 20,000 మంది దాన్ని వాడుతున్నారు. కొత్త వెర్షన్లకు లైసెన్సు షరతులు బిగుసుకోవడంతో, 1999 డిసెంబరులో ఓపెన్‌బీఎస్‌డీ బృందం ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ పేరుతో ఉచిత రూపం తెచ్చింది. డబ్బు లేదన్న సాకు కూడా పోయింది.

అయినా టెల్‌నెట్ పోలేదు. దాని ఫలితం 2007 ఫిబ్రవరిలో కనిపించింది. సోలారిస్ 10 అనే పేరున్న యునిక్స్‌లో ఒక లోపం బయటపడింది. టెల్‌నెట్ ద్వారా వస్తూ యూజర్ పేరు ముందు ఒక గీత, ఎఫ్ అనే అక్షరం తగిలిస్తే చాలు... ‘ఈయన్ని ముందే తనిఖీ చేశారు, మళ్లీ అడగక్కర్లేదు’ అని సర్వర్ అర్థం చేసుకుని పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి పంపేది. విచిత్రమేమిటంటే, 1994లో ఏఐఎక్స్ అనే మరో యునిక్స్‌లో ఆర్‌లాగిన్ గుమ్మం దగ్గర అచ్చం ఇదే లోపం దొరికింది! పదమూడేళ్లయినా అదే గోతిలో అదే కాలు. ఎస్‌ఎస్‌హెచ్‌కి మారామనుకుంటూ పాత సేవను ఆపడం మరిచిపోయిన సంస్థలకు ఆ వారం కంటి మీద కునుకు లేదు.

ఇది ఆఫీసులతోనే ఆగే గొడవ కాదు. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము ఇళ్లలోని రౌటర్లు, సీసీ కెమెరాల్లో తెరిచి ఉన్న టెల్‌నెట్ తలుపు తట్టింది. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌లనే ఒక్కొక్కటిగా ప్రయత్నించి, లోపలికి దూరి, వాటినే సైన్యంగా మార్చుకుంది. ఆ అక్టోబరు 21న అమెరికాలో ట్విట్టర్ సహా ఎన్నో పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి అందకుండా పోవడానికి కారణం ఆ సైన్యమే.

మూసే ముందు చూడాలి

మరి ఎలా మూయాలి? తాళం వేసేవాడి కన్నా ముందు కావలసింది అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను రాసుకునే మనిషి. ఈ విద్యలో ఆద్యుల్లో ఒకడు క్లిఫర్డ్ స్టోల్. నక్షత్రాలు చూసే శాస్త్రవేత్త. 1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో కంప్యూటర్లు చూసుకునే పని పడింది. లెక్కల్లో 75 సెంట్లు తేడా వచ్చింది. ముప్పావు డాలరు! ఇంకొకరైతే తమ జేబులోంచి వేసి ఊరుకునేవారు. స్టోల్ మాత్రం ఎవరో దొంగతనంగా సర్వర్‌ని వాడుతున్నారని పసిగట్టాడు. ఒక వారాంతంలో తోటివాళ్ల బల్లల మీది ప్రింటర్లు, టెర్మినళ్లు యాభై దాకా పట్టుకొచ్చి, బయటి నుంచి వచ్చే ఫోన్ లైన్లకు తగిలించాడు. వచ్చినవాడు ఏ మీట నొక్కినా కాగితం మీద అచ్చు పడుతుంది. సర్వర్‌లోనే రాసుకుంటే వాడు చూసి చెరిపేయగలడు. బయట ప్రింటర్ మీద పడ్డ అక్షరాన్ని ఎలా చెరుపుతాడు?

స్టోల్ వెంటనే తలుపు మూయలేదు. మూస్తే వాడు ఇంకో దారి వెతుక్కుంటాడు. దాదాపు ఏడాది ఓపిక పట్టి చూస్తే, జాడ పశ్చిమ జర్మనీలోని హానోవర్‌లో తేలింది. ఆ సమాచారం సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి అమ్ముడవుతోందని బయటపడింది.

నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ విశ్వవిద్యాలయంలో వియెట్సే వెనెమాది ఇంకో బాధ. 1990 ప్రాంతంలో ఎవడో పదే పదే చొరబడి ఫైళ్లన్నీ తుడిచేసి పోతున్నాడు. ఎటునుంచి వస్తున్నాడో చెప్పే ఆధారం మిగలడం లేదు. వెనెమా ఒక చిన్న ప్రోగ్రాము రాసి తలుపుకీ సేవకీ మధ్య కూర్చోబెట్టాడు. ఎవరు, ఏ కంప్యూటర్ నుంచి, ఏ సేవ కోసం వచ్చారో ఒక వరుసలో రాసుకుని లోపలికి వదిలేస్తుంది. వచ్చినవాడికి తేడాయే తెలీదు. టీసీపీ రాపర్ అనే ఈ గుమస్తానే తర్వాత రోజుల్లో టెల్‌నెట్ మూయదలచిన చాలామందికి కళ్లూ చెవులూ అయ్యాడు.

‘యునిక్స్‌లో లాస్ట్ అనే ఆదేశం ఉందిగా, ఎవరెవరు లాగిన్ అయ్యారో అదే చెబుతుందిగా’ అని తెలిసినవాళ్లు అడగొచ్చు. చెబుతుంది, కానీ సగమే. మనుషులు వచ్చి కూర్చుని పని చేస్తే ఆ పద్దులో పడతారు. అర్ధరాత్రి ఒక యంత్రం ఆర్‌ఎస్‌హెచ్ గుమ్మంలోంచి వచ్చి, ఒక్క ఆదేశం నడిపి, ఫైలు తీసుకుని పోతే? మామూలుగా అది ఆ పద్దులో కనపడదు. ఆ పద్దు చూసి ‘ఎవరూ రావడం లేదు’ అనుకుని తలుపు మూసినవాళ్లే తెల్లారి ఫోన్లకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది.

రాసుకున్న పద్దు ఎక్కడ దాచాలన్నదీ ముఖ్యమే. 1994 క్రిస్మస్ రోజున అమెరికాలోని శాండియాగో దగ్గర సుటోము షిమొమురా అనే భద్రతా నిపుణుడి కంప్యూటర్‌లోకి ఎవరో దూరారు. నమ్మకస్తుడైన పక్క యంత్రంలా నటించి, ఆర్‌ఎస్‌హెచ్ ద్వారా ఆ ఆర్‌హోస్ట్స్ ఫైలులో రెండు కూడిక గుర్తులు రాశారు. వాటి అర్థం... ‘ఎవరొచ్చినా రానివ్వు’! వచ్చినవాడు లాగ్‌లో తన జాడ చెరిపేశాడు. కానీ ఆ లాగ్ నకలు తనంతట తానే మరో కంప్యూటర్‌కు చేరే ఏర్పాటుంది. రోజురోజుకీ పెరగాల్సిన లాగ్ తగ్గింది! అలా దొరికింది దొంగతనం. అరుదైన సంగతి ఇది. మామూలుగా ఇలాంటివి దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు బయటపడతాయి. ఆ దాడి తర్వాత షిమొమురా సాయంతోనే, 1995 ఫిబ్రవరిలో కెవిన్ మిట్నిక్ అనే పేరుమోసిన హ్యాకర్ పోలీసులకు చిక్కాడు.

మార్చి 31 అర్ధరాత్రి

2004 ప్రాంతంలో, మన ఊళ్లోనే ఒక కంపెనీ అనుకుందాం. పాతిక యునిక్స్ సర్వర్లు. టెల్‌నెట్, ఆర్‌ఎస్‌హెచ్ మూసేయాలని అక్టోబరులో నిర్ణయించారు. సర్వర్లు చూసుకునే ఇంజనీరు వాటిని మూయలేదు. ముందు గుమ్మానికో గుమస్తాను పెట్టింది. లాగ్‌లన్నీ వేరే కంప్యూటర్‌కు మళ్లించింది.

మొదటి వారమే పద్దు నిండిపోయింది. టెల్‌నెట్ వాడేవాళ్లు పదిహేను మందో ఇరవై మందో తేలారు. ఇది తేలిక పని. ఒక్కొక్కరి బల్ల దగ్గరికి వెళ్లి పుట్టీ పెట్టించింది. గోడకి పూసే పుట్టీ కాదండోయ్, సైమన్ టాథమ్ అనే ఆయన రాసిన ఉచిత ఎస్‌ఎస్‌హెచ్ సాఫ్ట్‌వేర్ పేరది! రెండో నెలకి మనుషులు తగ్గి యంత్రాలు మిగిలాయి. గోడౌన్‌లో బార్‌కోడ్ చదివే చేతి పరికరాలు ఉన్నాయి. వాటికి టెల్‌నెట్ తప్ప మరో భాష రాదు. కొత్తవి కొనేదాకా వాటిని విడిగా ఒక నెట్‌వర్క్‌లో పెట్టి, ఒక్క సర్వర్‌తోనే మాట్లాడనిచ్చింది. నెలాఖరున జీతాల ఫైలు తీసుకెళ్లే స్క్రిప్టు ఒకటి దొరికింది. మార్చేసింది.

మధ్యలో ఒక గండం తప్పింది. ఇంకో సర్వర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగు మార్చి, పని చేస్తోందో లేదో చూసుకోకుండానే తానున్న సెషన్ మూయబోయింది. కూర్చున్న కొమ్మని నరుక్కోవడమంటే ఇదే. ఆ సర్వర్ వేరే ఊళ్లో ఉంటే, అర్ధరాత్రి వాచ్‌మన్‌కి ఫోన్ చేసి ఏసీ గది తాళం తీయించాల్సి వచ్చేది. ఈ వృత్తిలో ఉన్నవాళ్లెవరికీ ఇది కొత్త కథ కాదు. అందుకే అనుభవజ్ఞులు పాత కిటికీ ఒకటి తెరిచి ఉంచుకుని, కొత్త కిటికీలోంచి లోపలికి వెళ్లగలిగాకే దాన్ని మూస్తారు.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో పద్దు ఖాళీ. పైఅధికారికి ఓపిక నశించింది. ‘‘ఇంకా ఎన్నాళ్లమ్మా ఆ కాపలా? రెండు నెలలుగా ఈగ కూడా వాలలేదంటున్నావుగా!’’

‘‘మార్చి 31 దాటనివ్వండి సార్’’ అందామె.

ఆ రాత్రి రెండు దాటాక ఒక వరుస పడింది. ఒకే ఒక్కటి. అకౌంట్స్ విభాగం యంత్రం నుంచి, ఆర్‌ఎస్‌హెచ్ గుమ్మంలోంచి. ఏడాదికోసారి ఖాతాల ముగింపు లెక్కలు పట్టుకెళ్లే స్క్రిప్టు అది. రాసినాయన రిటైరై మూడేళ్లయింది. అలాంటిదొకటి ఉందని ఆ విభాగంలో ఎవరికీ తెలీదు. ఫైలు ఏటా దానంతటదే వచ్చేస్తోంది కదా! ఫిబ్రవరిలోనే గోడ కట్టేసి ఉంటే, ఆడిటర్లు వచ్చిన రోజున కంపెనీ మొత్తం ఆ ఇటుకల మీద పడేది. ‘ముందు తెరిచేయండి, తర్వాత చూద్దాం’ అనేవారు. ఆ తర్వాత ఎవరూ చూడరు.

స్క్రిప్టు మార్చడానికి పట్టింది అరగంట. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. రాత్రి రెండింటికి పాస్‌వర్డ్ కొట్టడానికి మనిషి ఉండడు. కాబట్టి ఎస్‌ఎస్‌హెచ్‌లో ఒక తాళం చెవి, అంటే ఒక రహస్య ఫైలు, ఆ యంత్రం దగ్గరే ఉంచాలి. దానికి పాస్‌వర్డ్ రక్షణ పెట్టడం కుదరదు. ఆ ఫైలు ఎవరి చేతిలో పడితే వాళ్లు తలుపు తీయగలరు. పాత ఆర్‌హోస్ట్స్ చుట్టరికమే కొత్త బట్టలు కట్టుకుని వచ్చిందా అని అనుమానం రావడం సహజం. చాలా సంస్థల్లో జరిగిందీ అదే. ఉద్యోగులు మానేశారు, చెవులు మిగిలాయి. ఒక్కో స్క్రిప్టుకీ నాలుగేసి నకళ్లు. ఏ చెవి ఏ తలుపుదో చెప్పే దిక్కు లేదు. చివరికి ఎస్‌ఎస్‌హెచ్‌ని కనిపెట్టిన ఇలోనెనే ఈ సమస్య మీద పడ్డాడు. 2015లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ ఈ చెవుల నిర్వహణ మీద ఒక మార్గదర్శిని తెచ్చింది. దాన్ని రాసినవాళ్లలో మొదటి పేరు ఆయనదే. తాళం చేసి ఇచ్చిన ఇరవై ఏళ్లకు, తాళం చెవులు లెక్కపెట్టుకోండని చెప్పడానికి ఆయనే మళ్లీ రావాల్సి వచ్చింది.

ఒక మేలుంది. ఎస్‌ఎస్‌హెచ్ లాగ్‌లో, లోపలికి వచ్చినవాడు పాస్‌వర్డ్‌తో వచ్చాడా, చెవితో వచ్చాడా అన్నది ప్రతి వరుసలోనూ ఉంటుంది. ఇప్పటి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అయితే ఏ చెవితో వచ్చాడో కూడా వేలిముద్రతో సహా రాస్తుంది. చెవికి షరతులూ పెట్టొచ్చు... ఈ ఒక్క యంత్రం నుంచే రావాలి, ఈ ఒక్క ఆదేశమే నడపాలి అని.

ఆ ఇంజనీరు అలాగే చేసింది. ఏప్రిల్ మొదటి వారంలో పాత గుమ్మాలు మూసేసింది. ఆ పైన ఒక రిజిస్టరు తెరిచి మొదటి పేజీలో రాసింది: అకౌంట్స్ చెవి. ఏ యంత్రం నుంచి, ఏ పనికి, ఎవరి బాధ్యత. చివరి గడిలో, మళ్లీ చూడవలసిన తేదీ... వచ్చే మార్చి 31.